ఎర్రగీత పడని తప్పుల్ని పట్టుకోవడం ఎలా

ఒంగోలు గిత్త సంగతి దేశమంతా తెలుసు. అది మేత మేసే గాడిని ఇంగ్లీషులో మేంజర్ అంటారని నాకు తెలిసింది మాత్రం ఒక బ్యాంకులో, పదిమంది ముందు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతుకు లోను అర్జీ కొట్టిచ్చాను. ఆయన వెనకే నేనూ నా పనిమీద అదే బ్యాంకుకు వెళ్లాను. ఆఫీసరు కాగితం చూసి, "ఏందమ్మా, నన్ను పశువుల గాడిని చేశావే" అన్నాడు. మేనేజర్ అంటే ఎం-ఎ-ఎన్-ఎ-జి-ఇ-ఆర్. అందులో రెండో ఎ నా వేలికింద పడలేదు. మిగిలింది గాడి.

అంతటితో పోలేదు. రొయ్య, అంటే ప్రాన్, పి-ఆర్-ఎ-డబ్ల్యూ-ఎన్. కింద రెండో పేరాలో ఆర్ ఎగిరిపోయి పాన్ అయింది. పాన్ అంటే తాకట్టు. రొయ్యల సాగుకు అప్పు అడగబోయి తాకట్టు సాగుకు అప్పు అడిగాం. సంగతి విడమరిచి చెబితే రైతు, "అందులో తప్పేముందిలే అమ్మా, రేటు పడిపోయాక జరిగేది అదేగా" అన్నాడు.

ఈ రెండింటికీ స్క్రీను మీద ఎర్రగీత పడలేదు. ఎందుకు పడలేదో, అలాంటివాటిని పట్టుకోవడానికి నేనేం చేస్తానో రాస్తున్నాను. జాబ్‌వర్క్ షాపులవాళ్లకు, ఆఫీసుల్లో డ్రాఫ్టులు కొట్టే పిల్లలకు పనికొస్తుంది. నేను టైపు మిషను మీద లోయరు, హయ్యరు పాసై వచ్చినదాన్ని. అప్పట్లో తప్పు పడితే తెల్ల ఫ్లూయిడ్ పూయాలి, కోర్టు కాగితమైతే షీటంతా మళ్లీ కొట్టాలి. ఆ భయానికి కళ్లు కాగితం మీదే ఉండేవి. కంప్యూటరు వచ్చాక గీత చూసుకుంటుందిలే అని కళ్లను గాలికొదిలేశాం.

ముందు ఆ గీత ఎలా పడుతుందో తెలుసుకోవాలి. కంప్యూటరు దగ్గర ఒక మాటల జాబితా ఉంటుంది. మీరు కొట్టిన మాట అందులో ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే గీత గీస్తుంది. మాట అక్కడికి సరిపోతుందా లేదా అన్నది ఈ పనిలో లేదు. గాడి జాబితాలో ఉంది, తాకట్టూ ఉంది. కొత్త వర్డులో నీలం గీత ఒకటి వాక్యాన్ని కూడా చూస్తుంది గానీ, అది పడినప్పుడు పడుతుంది, లేనప్పుడు లేదు. దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు.

రైట్ క్లిక్ కొడితే వచ్చే సలహాల సంగతీ ఇంతే. ఫ్రెడరిక్ డామెరో అనే ఆయన 1964లో ఈ తప్పుల మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన చూసినవాటిలో నూటికి ఎనభై పైగా నాలుగే రకాలు: ఒక అక్షరం ఎక్కువ పడటం, ఒకటి తగ్గడం, ఒకదాని బదులు ఇంకొకటి పడటం, పక్కపక్కవి రెండు తారుమారవడం. కంప్యూటరు ఇప్పటికీ ఇంచుమించు అదే లెక్కన, మీ మాటకు ఒకటి రెండు అక్షరాల దూరంలో ఏముందో వెతికి చూపిస్తుంది. మార్టూరును ఇంగ్లీషులో ఎం-ఎ-ఆర్-టి-యు-ఆర్ అని రాస్తాం. అందులో యు బదులు వై పెడితే మార్టిర్, అంటే అమరవీరుడు. దూరం ఒక్క అక్షరమే. గ్రానైటు పాలిషింగ్ యూనిట్ల ఉత్తరం ఒకటి కొడుతూ మా షాపు పిల్లోడు ఎర్రగీతలు చూసి విసుగెత్తి "చేంజ్ ఆల్" నొక్కాడు. 11 చోట్ల ఊరు అమరవీరుడైపోయింది. ఆ రోజు నుంచి మా షాపులో చేంజ్ ఆల్ ముట్టుకోకూడదు. ఒక్కోటి చూసి "చేంజ్" నొక్కితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనీండి.

ఇక సెట్టింగులు. వీటిని గబగబా చెప్పేస్తాను. కంట్రోల్ ఎ కొట్టి మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూలో లాంగ్వేజ్, అందులో సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌కు వెళ్లి ఇంగ్లీష్ ఇండియా పెట్టండి. అమెరికా ఇంగ్లీషులో ఉంటే లేబర్‌కు, సెంటర్‌కు, బ్యాంకు చెక్కుకు మనం రాసే స్పెల్లింగులన్నీ తప్పు కింద చూపిస్తుంది. నోవా వెబ్‌స్టర్ 1828లో వేసిన డిక్షనరీతో అమెరికావాళ్ల దారి వేరైంది, మనం లండను దారిలోనే ఉండిపోయాం. అదే పెట్టెలో "డూ నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్" అని ఉంటుంది, దానికి టిక్కు తీసేయండి. వేరే షాపు నుంచి తెచ్చిన పాత డ్రాఫ్టులో ఒక్క ఎర్రగీత కూడా కనపడకపోతే తప్పుల్లేవని మురిసిపోవద్దు. ఆ టిక్కు పెట్టి ఉందేమో చూడండి. తరవాత ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్. అక్కడ "ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్" అనేదానికి చాలా కంప్యూటర్లలో టిక్కు పెట్టే ఉంటుంది. అంటే పెద్ద అక్షరాల్లో కొట్టిన మాటల్ని అది చూడనే చూడదు. మనం పెద్ద అక్షరాల్లో కొట్టేదేంటి? అఫిడవిట్ హెడ్డింగు, రెంటల్ అగ్రిమెంటు హెడ్డింగు, ఫ్లెక్సు మీద మాటలు. నలుగురూ ముందు చూసేదాన్నే కంప్యూటరు చూడటం లేదన్నమాట. ఆ టిక్కు కూడా తీసేయండి.

ఇప్పుడు అసలు పని. జాబితాలో ఉన్న మాటకు కూడా ఎర్రగీత పడేలా చేయొచ్చు. ఈ సంగతి ఇరవై ఏళ్లు టైపు చేసినవాళ్లకు కూడా తెలియకపోవడం చూశాను. వర్డు మూసేయండి. విండోస్ బటనుతో పాటు ఆర్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో యాప్‌డేటా అని, ముందొకటి వెనకొకటి పర్సెంటు గుర్తు పెట్టి కొట్టండి. వచ్చిన ఫోల్డర్లలో మైక్రోసాఫ్ట్ తెరిచి, దానిలో యూప్రూఫ్ తెరవండి. "ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ" అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లు ఉంటాయి. ఇంగ్లీష్ ఇండియాది 4009 అంకెతో ఉంటుంది, అమెరికాది 0409. మీది తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మేంజర్, పాన్ లాంటి, గీత పడాలనుకున్న మాటల్ని ఇంగ్లీషులో వరసకొకటి చొప్పున చిన్న అక్షరాల్లో కొట్టి సేవ్ చేయండి. మళ్లీ వర్డు తెరిచి మేంజర్ అని కొట్టి చూడండి. ఎర్రగా గీత పడుతుంది. మొదటిసారి పడినప్పుడు నేను చప్పట్లు కొట్టాను, పక్క జెరాక్స్ షాపాయన ఏమైందోనని తొంగి చూశాడు.

ఆటోకరెక్టులో పాన్ కొడితే ప్రాన్ అయ్యేలా పెట్టుకోవచ్చు కదా అని మా పిల్లోడు అడిగాడు. పెట్టొద్దు. అది మనకు చెప్పకుండా మార్చేస్తుంది. ఎప్పుడైనా నిజంగా తాకట్టు అని కొట్టాల్సి వస్తే అది కూడా రొయ్య అయి కూర్చుంటుంది. గీత పడితే చూసుకొని మనమే మార్చుకుంటాం.

ఆ ఫైల్లో ఏ మాటలు పెట్టాలన్నది ఎవరి ఊరును బట్టి వాళ్లకు ఉంటుంది. నావి చెబుతాను.

పొగాకు ఎండబెట్టే కొట్టాన్ని ఇంగ్లీషులో బార్న్ అంటారు, బి-ఎ-ఆర్-ఎన్. మన రైతుల నోట్లో, పేపర్లలో అది బ్యారన్. ఆ పలుకుబడి చెవిలో ఉన్నవాడు మధ్యలో ఓ వేసి బి-ఎ-ఆర్-ఓ-ఎన్ కొడతాడు. అది బిరుదున్న దొర. ఇద్దరు దొరలకు లైసెన్సు రెన్యువల్ అడిగిన అర్జీ మా షాపు నుంచే పోయింది. చెయ్యి తడబడితే అదే బార్న్ బ్రాన్ అవుతుంది, అంటే తవుడు. పొగాకు బేలుకు ఎ-ఎల్-ఇ, కోర్టు బెయిలుకు ఎ-ఐ-ఎల్. మా షాపు కోర్టు దగ్గరే గనక ఈ రెండూ ఒకే రోజు వస్తాయి. వేలంలో బెయిళ్లు అమ్మినవాళ్లం, కోర్టులో బేళ్లు అడిగినవాళ్లం మేమే. చీమకుర్తి క్వారీ కొంచెం చెయ్యి జారితే క్వెరీ, అంటే ప్రశ్న. అయితే బేలు, బెయిలు, క్వారీ, క్వెరీ నాకు రోజూ కావలసినవే. వాటిని ఫైల్లో పెడితే స్క్రీనంతా ఎర్రబడుతుంది. పెట్టలేదు. గోడకు అట్టముక్క మీద రాసి తగిలించాను.

మన చెవి చేసే మోసాలు ఇంకో రెండున్నాయి. ఒకటి వ. మనకున్నది ఒకే వ, వాళ్లకు వి, డబ్ల్యూ రెండు. దస్తావేజులో హద్దులు కొట్టేటప్పుడు పడమరకు డబ్ల్యూ బదులు వి పడితే వెస్ట్ బనీను అవుతుంది. తూర్పున ఫలానావారి స్థలం, బనీనున పంచాయతీ రోడ్డు. ఆ మాటకు హక్కు దఖలు పడటం అని ఇంకో అర్థం కూడా ఉంది కాబట్టి దస్తావేజుల్లో అది ఎక్కడైనా ఒప్పుగానే తగలొచ్చు. అందుకే దీన్ని ఫైల్లో పెట్టి, గీత పడినచోటల్లా ఆగి చదువుతాను.

రెండోది ద్విత్వం. మనకు ఒత్తు చెవికి వినపడుతుంది. గజానికీ గజ్జెకూ తేడా గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఇంగ్లీషులో రెండు టి-లు పక్కపక్కనున్నా పలికేది ఒక్కటే. మరి రెండోది ఎందుకంటే, చాలా మాటల్లో అది ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పడానికి. ఒక్క టి ఉన్నది లేటర్, తరవాత అని. రెండు టి-లది లాటర్, చెప్పిన ఇద్దరిలో రెండోవాడు. అగ్రిమెంట్లలో ఎక్కువగా కావలసింది లాటర్, ఎక్కువగా పడేది లేటర్. దీర్ఘం పలికితే ఒక్కటి, పొట్టిగా పలికితే రెండు అని మా పిల్లోడికి నేర్పాను. కొంత మారాడు. ఇ-డి చేర్చేటప్పుడు ఇంకో చిక్కుంది. ఆఫర్‌కు ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, మొదట్లో, కాబట్టి ఆఫర్డ్‌లో ఆర్ ఒక్కటే. అకర్, రిఫర్‌లకు ఊనిక చివర, కాబట్టి అకర్డ్, రిఫర్డ్‌లలో రెండు ఆర్‌లు. నోటితో గట్టిగా అని చూసుకుంటే తెలిసిపోతుంది.

పలకని అక్షరాల మీద చాలామంది కోప్పడతారు, నాకు మాత్రం జాలి. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చు మిషను పెట్టాడు. అచ్చయిన స్పెల్లింగులు మెల్లగా గట్టిపడిపోయాయి, జనం నోళ్లు మాత్రం మారుతూనే పోయాయి. నైఫ్‌లో కె ఒకప్పుడు పలికిందే. మనవాళ్లు గుఱ్ఱంలో బండి ఱ పలుకు పోయాక దాన్ని విప్పేసి గుర్రం అని రాసుకున్నారు. వాళ్లు విప్పలేదు, అంతే. కొన్ని అక్షరాలైతే అసలు పలకనే లేదు, పండితులు లాటిన్ మీద మోజుతో తెచ్చి పెట్టారు. అప్పుకు డెట్ అంటాం కదా, అందులో బి అలా వచ్చిందే. రిసీట్‌లో పి కూడా అంతే. మన రసీదుకూ ఈ రిసీట్‌కూ చుట్టరికం లేదు, రసీదు పారసీ నుంచి వచ్చింది.

వీటికి నేను చేసే పని, మనసులో తెలుగు చదివినట్టు చదవడం. నోటితో రిసీట్ అంటాను, లోపల రెసీప్ట్ అనుకుంటాను. డెట్‌ను డెబ్ట్ అనుకుంటాను. ఇది పెన్నుతో రాసేటప్పుడు మరీ అవసరం, చెక్కు మీద ఎర్రగీత పడదు కదా. అన్నట్టు చెక్కు రాసేటప్పుడు నాలుగుకు యు ఉంటుంది, నలభైకి ఉండదు. తొంభైలో ఇ ఉంటుంది, తొమ్మిదవలో ఉండదు. దీనికి కారణం వెతకొద్దు, కంఠస్థం చేయండి.

పేర్ల దగ్గర గీతను పూర్తిగా మర్చిపోండి. వెంకటేశ్వర్లుకు ఎస్ ఒక్కటేనా, ఎస్ పక్కన హెచ్ ఉందా, లక్ష్మికి ఎక్సా, కె-ఎస్-హెచ్‌నా అన్నది ఏ డిక్షనరీలోనూ దొరకదు. నోటిమాట మీద పేరు కొట్టొద్దు. పదో తరగతి సర్టిఫికెట్టూ ఆధార్ జెరాక్సూ అడగండి. రెండూ కలవకపోతే కొట్టేముందే చెప్పండి, తరవాత చెబితే తప్పు మనమీదకే వస్తుంది. పేర్లను "యాడ్ టు డిక్షనరీ" చేయకూడదు. ఈరోజు హెచ్ లేకుండా ఒకరివి, రేపు హెచ్‌తో ఇంకొకరివి చేరిస్తే రెండూ ఒప్పయిపోతాయి. "ఇగ్నోర్ ఆల్" కొడితే చాలు, ఆ కాగితం వరకే.

ఇవన్నీ అయ్యాక కాగితం ప్రింటు తీసి చదవాలి, స్క్రీను మీద కాదు. స్కేలు ఒక్కో వరస కింద పెట్టుకొని, చివరి వరస నుంచి పైకి చదవండి. అర్థం వెంట పరుగెత్తకుండా కళ్లు అక్షరాల దగ్గర ఆగుతాయి. మనిషి తోడుంటే ఒకరు చదవడం, ఒకరు చూడటం ఇంకా మంచిది. వర్డులో రివ్యూ కింద "రీడ్ అలౌడ్" ఉంది, అది చదివితే పాన్, ప్రాన్ తేడా చెవికి తెలుస్తుంది. బేలు, బెయిలు తెలియదు, రెండూ ఒకేలా పలుకుతుంది.

ఆ రొయ్యల రైతు మొన్న మళ్లీ వచ్చాడు. అర్జీ కొడుతుంటే పాన్ కింద ఎర్రగీత పడింది. ఆయన వంగి చూసి, "మళ్లా తప్పు పడిందా అమ్మా" అన్నాడు. లేదన్నాను. భార్య గొలుసు తాలూకు తాకట్టు చీటీ పోగొట్టుకొని డూప్లికేటు కోసం వచ్చాడాయన. ఇగ్నోర్ కొట్టి ప్రింటు తీసిచ్చాను.