పెంపుడు కుక్క వంటింటి దొంగతనాన్ని మాన్పించే విధానం
సంక్రాంతికి వరంగల్ ఇళ్లలో గుడ్డమీద సకినాలు చుట్టి ఆరబెట్టినప్పుడు పెంపుడు కుక్కకు ఒక్కటి చిక్కినా, ఆ రుచే బహుమానమై అది మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. అందువల్ల అందకుండా చేయడమే మొదటి పని. తిన్న తర్వాత కొట్టడం వ్యర్థం, ఎందుకంటే అది దొంగతనం మానదు, మనం లేని సమయం చూసుకోవడం నేర్చుకుంటుంది.

'వదులు' అనే మాట నేర్పడానికి, మూసిన పిడికిలిలో తినుబండారం ఉంచి, కుక్క మూతి వెనక్కు తీసుకున్న క్షణంలోనే రెండో చేతితో వేరే ముక్క ఇవ్వాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

మటన్ కూర గిన్నె విషయంలో మాత్రం ఉదాసీనత తగదు: ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకోవచ్చు. కిస్‌మిస్ వేసిన పాయసం తింటే లక్షణాల కోసం వేచిచూడకుండా పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.