ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు ఇంట్లోనే తయారీ – 4వ పాఠం: ముందు లోకల్, తర్వాతే ఆప్షన్లు

ఈ వారం ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్ల వరస, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో పెట్టే జాబితా, రాయడం నేర్చుకోవాలి. కానీ పోయిన పాఠంలో ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టమంటే చాలామంది టీసీలు, మార్కుల మెమోలతో సరిపెట్టారు. ఇంకొందరు సర్టిఫికెట్లన్నీ తెచ్చారు గానీ, బిడ్డ ఏ రీజియన్ లోకలో, అంటే సీట్ల కోసం రాష్ట్రాన్ని చేసిన రెండు భాగాల్లో ఏ భాగం లెక్కలోకి వస్తారో, తప్పు రాసుకున్నారు. అది తేలకుండా ఆప్షన్లు రాయడం దండగ.

టీసీ మీద చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి, నిజమే. అయినా అడిగేది స్టడీ సర్టిఫికెట్. ఆరో తరగతి నుంచి సీనియర్ ఇంటర్ దాకా ఏ ఏడాది ఏ తరగతి, ఏ ఊళ్లో అన్నది మధ్యలో ఖాళీ లేకుండా కనబడాలి. స్కూలు మూతబడి ఉంటే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడగండి. బడికి పోకుండా ప్రైవేటుగా పరీక్ష రాసిన ఏళ్లుంటే తహసీల్దారు ఇచ్చే ఏడేళ్ల నివాస ధ్రువపత్రం కావాలి.

ఇక లోకల్. నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్, ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన విభజన ఇది. ఒంగోలులో రైలెక్కి కాసేపు కునుకు తీస్తే నెల్లూరు వస్తుంది, కానీ సీట్ల దగ్గర ఆ రెండు ఊళ్లూ వేరు. రేషన్ కార్డు, ఆధార్ అడ్రసు ఇక్కడ పనికిరావు. బిడ్డ చదివిన చోటే లెక్క.

9, 10, ఇంటర్ రెండేళ్లు – ఈ నాలుగూ ఒకే రీజియన్‌లో ఉంటే అదే లోకల్, ఇంకేమీ చూడొద్దు. సింగరాయకొండలో (ప్రకాశం) 8 దాకా చదివి, 9 నుంచి ఇంటర్ దాకా కావలిలో (నెల్లూరు) ఉన్న పిల్లాడు ఎస్వీయూ. నాలుగేళ్లు చీలితేనే ఏడేళ్లూ లెక్కపెట్టాలి, ఎక్కడ ఎక్కువుంటే అది. ఒంగోలులో పది దాకా చదివి నెల్లూరులో ఇంటర్ చేసిన పిల్లకు ఏయూ 5, ఎస్వీయూ 2. ఏయూ లోకల్. ‘ఇంటర్ నెల్లూరే కదా’ అనుకునేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. కావలిలో 6, 7, ఒంగోలులో 8, 9, 10, మళ్లీ నెల్లూరులో ఇంటర్ అయితే ఎస్వీయూ 4, ఏయూ 3. ఎస్వీయూ లోకల్. హాస్టల్ ఒక ఊళ్లో, అడ్మిషన్ ఇంకో ఊళ్లో ఉన్న పిలకాయల తల్లిదండ్రులు హాల్‌టికెట్ మీది కాలేజీ ఏ ఊరిదో చూడండి. స్టడీ సర్టిఫికెట్ ఆ కాలేజీయే ఇస్తుంది.

దీనికింత పట్టుబట్టడం ఎందుకంటే, ప్రైవేటు కాలేజీలో 60 సీట్ల బ్రాంచి ఉంటే కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) 70 శాతం, అంటే 42. అందులో 85 శాతం, సుమారు 36, ఆ రీజియన్ లోకల్ వాళ్లవి. మిగిలిన ఆరింటికి రెండో రీజియన్ వాళ్లూ పోటీపడొచ్చు, మంచి ర్యాంకున్న లోకల్ వాళ్లతో సహా. రిజర్వేషన్లు మళ్లీ వీటిలోనే. కాబట్టి ఏయూ లోకల్ పిల్లకు నెల్లూరు కాలేజీ ఎంత దగ్గరైనా, నిరుడు అక్కడ చివరి సీటొచ్చిన ర్యాంకును నమ్ముకోవద్దు.

ఇప్పుడు వరస. ‘వచ్చేదే మొదట పెట్టండి, సేఫ్’ అనే సలహా వింటే ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ బిడ్డ వంతు రాగానే జాబితా పైనుంచి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చి ఆగిపోతుంది. మొదటి ఆప్షన్‌గా కాకినాడ జేఎన్‌టీయూలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టారనుకోండి, అది రాకపోతే కంప్యూటర్ రెండోదానికి పోతుంది. నష్టం సున్నా. మీరు ముప్ఫయ్యోదిగా రాసిందైనా అప్పటికి సీటు మిగిలుంటే, దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్న పిల్లాడికంటే మీ ర్యాంకు మెరుగైతే మీకే ముందు. అదే, తప్పకుండా వచ్చే కాలేజీని మొదట పెట్టారనుకోండి, అదే ఇస్తుంది. కింద రాసిన మంచివాటిని తిరిగి కూడా చూడదు. ‘మొదటి ఆప్షన్ వాళ్లకు ప్రాధాన్యం’ అనేది నెట్ సెంటర్ల దగ్గర పుట్టిన మాట. ఇష్టం ఒక్కటే వరస. వచ్చినా చేరని కాలేజీని మాత్రం అసలు రాయొద్దు.

బ్రాంచి ముఖ్యమా, కాలేజీ ముఖ్యమా అంటే నా ఓటు కాలేజీకి. ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి.

అభ్యాసం: రూళ్ల నోటుబుక్కులో 60 ఆప్షన్లు చేత్తో రాయండి. ఒక్కోదానికి కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, రీజియన్, మీ కేటగిరీలో నిరుటి చివరి ర్యాంకు – నాలుగు గళ్లు. బిడ్డ ర్యాంకు 40,000 అయితే చివరి ర్యాంకు 30,000 లోపున్నవి పదిహేను, 30,000 నుంచి 50,000 మధ్యవి ముప్ఫై, ఆపైవి పదిహేను. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి, పేరు కాదు కోడ్ చూడండి. బిడ్డ పైకి చదువుతుంటే మీరు రాయండి, మర్నాడు మీరు పైకి చదువుతుంటే బిడ్డ సరిచూడాలి. ఆప్షన్లు పెట్టే రోజు ఆ పుస్తకం నుంచే ఎక్కించండి. రిజిస్ట్రేషన్‌లో నెట్ సెంటర్ అతని నంబరు కాకుండా ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా మీ నంబరే ఇవ్వండి. సేవ్ చేశాక ప్రింటు తీసి, పుస్తకంతో వరస వరసా పోల్చి టిక్కు పెట్టండి.