ఇంటి మెయిల్ సర్వర్‌లో మెయిల్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

మెయిల్ వెళ్లట్లేదు అనగానే చెయ్యి నేరుగా కాన్ఫిగ్ ఫైల్ మీదికి పోతుంది. దయచేసి ఆగండి. అక్కడ నాలుగు లైన్లు మార్చేశాక, మొదట ఉన్న తప్పేదో మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్నదేదో తేల్చుకోవడం కష్టం. మా ఇంట్లోవాళ్ల మెయిల్ అంతా పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ మీద నేనే నడుపుతాను. ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా ముందు చూసేది ఒక్కటే: ఈ మెయిల్‌ని ఆఖరిసారి పుచ్చుకున్న మెషీన్ ఏది? ఎస్‌ఎమ్‌టీపీలో, అంటే సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో, మెయిల్ మొత్తం అందాక అవతలి సర్వర్ 250 అని జవాబిచ్చేదాకా బాధ్యత పంపేవాళ్లదే. 250 వచ్చిందంటే ఇక అవతలి సర్వర్‌ది. కాబట్టి ఆ 250 ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

పోయే మెయిల్‌తో మొదలుపెడదాం. పోస్ట్‌క్యూ కమాండ్‌కి హైఫన్ పీ తగిలించి నడపండి. ఇంకా వెళ్లని మెయిళ్ల వరుస, అంటే క్యూ, కనిపిస్తుంది. ఆగిపోయిన ప్రతి మెయిల్‌కీ పక్కన ఒక క్యూ ఐడీ ఉంటుంది. ఆ ఐడీ పట్టుకుని మెయిల్ లాగ్‌లో వెతకండి. దొరికే లైన్ దాదాపు ఇలా ఉంటుంది: రిలే=నన్, డిలే=30, డీఎస్‌ఎన్=4.4.1, స్టేటస్=డిఫర్డ్, చివర బ్రాకెట్లో కనెక్షన్ టైమ్డ్ అవుట్.

ఈ లైన్‌ని తొందరపడకుండా చదవండి. రిలే అన్నచోట మనం ఏ సర్వర్‌తో మాట్లాడామో ఉంటుంది. రిలే=నన్ అంటే అవతల ఎవరితోనూ మాట కలవలేదు. అక్కడ ఏదైనా సర్వర్ పేరు ఉంటే, మన సర్వర్ దాని దాకా వెళ్లింది, అవతలిది ఏదో చెప్పింది. రిలే=లోకల్ అని ఉంటే మెయిల్ మన గడప దాటనేలేదు. డీఎస్‌ఎన్ (డెలివరీ ఏమైందో చెప్పే కోడ్) 4తో మొదలైతే తాత్కాలికం, మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తిప్పి పంపేస్తుంది.

అసలు పోస్ట్‌ఫిక్స్ దారి ఎలా ఎంచుకుంటుందో ఇక్కడ తెలిసి ఉండాలి. ఏ మెయిల్ ఏ దారిన పోవాలో మనం రాసిపెట్టే ట్రాన్స్‌పోర్ట్ టేబుల్లో ఆ అడ్రస్‌కో డొమైన్‌కో ఎంట్రీ ఉంటే దానిదే పైచేయి. లేకపోతే, ఆ డొమైన్ మైడెస్టినేషన్‌లోనో (సర్వర్ తనవిగా చూసే డొమైన్ల సెట్టింగ్) వర్చువల్ డొమైన్ల జాబితాలోనో ఉందా అని చూస్తుంది. ఉంటే అది మన మెయిలే. లేదంటే రిలేహోస్ట్‌కి, అంటే మన తరఫున మెయిల్ ముందుకు పంపే సర్వర్‌కి, ఇస్తుంది. రిలేహోస్ట్ కూడా లేకపోతే డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల డైరెక్టరీ) ఎమ్‌ఎక్స్ రికార్డ్, అంటే ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి ఇవ్వాలో చెప్పే ఎంట్రీ, వెతుకుతుంది. చిన్న అంకె ఉన్న ఎమ్‌ఎక్స్‌ని ముందు ప్రయత్నిస్తుంది. ఎమ్‌ఎక్స్ ఏదీ లేకపోతే ఆ డొమైన్ ఐపీ అడ్రస్‌కే పోతుంది.

ఇళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు మైడెస్టినేషన్‌ది. సొంత డొమైన్ మెయిల్ బయట ఏదో కంపెనీ దగ్గర ఉంటుంది. ఇంట్లో సర్వర్‌కి కూడా అదే డొమైన్ పేరు పెట్టి, దాన్ని మైడెస్టినేషన్‌లో వేస్తారు. ఇక ఇంట్లోంచి ఆ డొమైన్‌కి ఏది పంపినా 550తో ‘యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్’ అని తిరిగొస్తుంది. బయటివాళ్లు పంపితే మాత్రం చక్కగా చేరుతుంది. ఈ తేడా కనిపిస్తే ఇంకేమీ అనుమానించక్కర్లేదు. మైడెస్టినేషన్‌లోంచి ఆ డొమైన్ తీసేసి, లోకల్‌హోస్ట్‌ని, మెషీన్ పూర్తి పేరుని మాత్రం ఉంచండి.

దీనికి తలకిందుల కేసు కూడా ఉంది. ఎమ్‌ఎక్స్ మన సర్వర్‌నే చూపిస్తుంది, కానీ డొమైన్ మనదని సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు. ఇంట్లోంచి పంపితే ‘లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్’ అంటుంది. బయటివాళ్లకి 554తో ‘రిలే యాక్సెస్ డినైడ్’ పోతుంది. మందు ఒక్కటే, డొమైన్‌ని మైడెస్టినేషన్‌లోకో వర్చువల్ డొమైన్ల జాబితాలోకో చేర్చడం. ఈ 554 చూసి కంగారుపడి మైనెట్‌వర్క్స్‌ని (ఏ మెషీన్ల మెయిల్‌ని నమ్మి బయటికి పంపాలో చెప్పే సెట్టింగ్) ప్రపంచమంతటికీ తెరిచేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. మీ సర్వర్ ఎవరి మెయిల్‌నైనా ఎక్కడికైనా పంపే ఓపెన్ రిలే అయిపోతుంది, స్పామర్లు దాన్ని కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక ఇందాకటి టైమ్డ్ అవుట్ సంగతి. ఇంటి కనెక్షన్లలో బయటికి పోయే పోర్ట్ 25ని చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేస్తాయి. సర్వర్ మీద నుంచే రెండు మూడు పెద్ద మెయిల్ సర్వీసుల ఎమ్‌ఎక్స్‌లకి టెల్‌నెట్‌తో 25 పోర్ట్ మీద తట్టి చూడండి. ఎక్కడా 220 పలకరింపు రాలేదంటే లోపం మీ కాన్ఫిగ్‌లో లేదు. రిలేహోస్ట్‌గా ఒక మెయిల్ సర్వీస్ పెట్టుకుని, పోర్ట్ 587 మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పంపండి. రిలేహోస్ట్ పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టడం మర్చిపోవద్దు. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎమ్‌ఎక్స్ వెతికి, మీరు అనుకోని ఇంకో మెషీన్‌కి పోయే ప్రమాదం ఉంది. పోర్ట్ 25 తెరిచే ఉన్నా రిలేనే మేలని నా అభిప్రాయం. ఇంటి ఐపీకి సరైన రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి పేరు చెప్పే రికార్డ్) దొరకడం అరుదు, అది లేని మెయిల్‌ని పెద్ద సర్వీసులు సరిగ్గా పట్టించుకోవు.

వచ్చే మెయిల్ రాకపోతే ముందు రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు క్యారియర్ న్యాట్ వెనకాల ఉన్నట్టు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఇంటర్నెట్ కంపెనీ చాలామందికి పంచుతున్నట్టు. ఇంట్లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. పబ్లిక్ ఐపీ అడగాల్సిందే. ఐపీ బాగానే ఉంటే పోర్ట్ 25 టెస్ట్‌ని ఇంటి నెట్‌వర్క్ బయటి నుంచి చెయ్యండి. చాలా రౌటర్లు లోపలి నుంచి తమ పబ్లిక్ ఐపీకే వచ్చే కనెక్షన్‌ని వెనక్కి తిప్పలేవు. దాంతో సర్వర్ బాగున్నా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఇంట్లోని ఫోన్లు మెయిల్ తీసుకోలేకపోయినా కారణం ఇదే కావచ్చు. లోపలి డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరుకి ప్రైవేట్ ఐపీ ఇస్తే సరిపోతుంది.

ఏది మార్చినా టెస్ట్ మెయిళ్లతో ఊదరగొట్టక్కర్లేదు. సెండ్‌మెయిల్ కమాండ్‌కి హైఫన్ బీవీ, దాని తర్వాత అడ్రస్ ఇవ్వండి. మెయిల్ పంపకుండానే, ఆ అడ్రస్‌కి దారి ఎటు పోతుందో రిపోర్ట్ మీ మెయిల్‌బాక్స్‌లోకి వస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ ఫైలో పాస్‌వర్డ్ ఫైలో మార్చి ఉంటే దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడపాలి, ఆ తర్వాత పోస్ట్‌ఫిక్స్ రీలోడ్. ఆగిపోయినవి వాటంతట అవే వెళ్తాయిలే అనుకుంటే మధ్యలో గంటకు పైనే పట్టవచ్చు, అందుకని క్యూలోవన్నీ వెంటనే పంపమని పోస్ట్‌క్యూ హైఫన్ ఎఫ్ కొట్టండి. సెట్టింగ్ మార్చకపోతే క్యూలో మెయిల్ 5 రోజులు ఉంటుంది, ఆ లోపు సరిచేస్తే క్యూలో ఉన్నదేదీ పోగొట్టుకోం. చేరిన మెయిల్‌లో రిసీవ్డ్ హెడర్లు కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లండి. మీరు అనుకున్న ప్రతి మజిలీ అదే వరుసలో కనిపిస్తే, ఇంట్లోవాళ్లకి మెయిల్ వాడుకోమని చెప్పవచ్చు.