చెట్టు బతికే ఉంది, చీటీ పోయింది: మొక్కల సేకరణల్లో వచ్చే చిక్కులు

వరంగల్, ములుగు వైపు కాలేజీ తోటల్లో, ఔషధ వనాల్లో మొక్క చచ్చిపోతే అందరికీ కనబడుతుంది. అది ఎక్కడి మొక్కో తెలియకుండా పోతే మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిజానికి పెద్ద నష్టం అదే, అందుకే ముందు దాని సంగతి.

చెట్టుకు పేరుంది, ఊరు లేదు

బోర్డు మీద తునికి అని ఉంటుంది. రిజిస్టర్ తీస్తే "వరంగల్ జిల్లా అడవి" అని ఒక్క ముక్క. ఏ వరంగల్? ఉదాహరణకు తాడ్వాయి మండలం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. తర్వాత జయశంకర్ భూపాలపల్లిలోకి, 2019 ఫిబ్రవరిలో ములుగులోకి వెళ్లింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ పేరొచ్చింది. పాత చీటీ రాసినాయన తప్పేమీ లేదు, జిల్లాలే కదిలాయి.

పాత చీటీని దిద్దకండి, కొట్టేయకండి. పక్కనే ఇంకో చీటీ అంటించి ఇప్పటి జిల్లా, మండలం, ఊరు రాసి, కింద మీ పేరు, తేదీ వేయండి. కొత్తగా తెచ్చేవాటికి దగ్గరి ఊరు, వాగు, గుట్ట పేర్లతో పాటు ఫోన్‌లో కనబడే జీపీఎస్ అంకెలు కూడా రాసుకోండి. ఒక్కో మొక్కకు ఒక్కో నంబరు. మొక్క చచ్చిపోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వొద్దు.

చీటీలు ఎక్కువగా తారుమారయ్యేది కవర్లలోంచి తీసి నేలలో నాటే రోజే. స్కెచ్ పెన్ రాత మన ఎండలకు ఆగదు. మెత్తటి అల్యూమినియం రేకు మీద మేకుతో నొక్కి రాసి, తీగను వదులుగా కట్టండి. బైండింగ్ వైరు బిగించి కడితే, కాండం లావెక్కేకొద్దీ బెరడులోకి దిగిపోతుంది.

హెర్బేరియం షీట్ మీద సన్నటి పొడి, గుండ్రటి చిల్లులు

హెర్బేరియం షీట్ అంటే మొక్కను నొక్కి ఎండబెట్టి అంటించిన కాగితం. దాని మీద ఈ పొడి, చిల్లులు ఎక్కువగా సిగరెట్ పురుగు అనే చిన్న పెంకు పురుగు పని. నిల్వ మిర్చిలో, పసుపులో కనబడేది కూడా ఇదే, కాబట్టి మన జిల్లాల్లో దానికి కొదవ లేదు. బీరువాలో కలరా ఉండలు వేసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఆ వాసన పురుగును దూరం పెడుతుందేమో గానీ, అప్పటికే లోపల తొలుస్తున్నదాన్ని చంపదు.

షీట్ల కట్టను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగితే రెండు వారాలు. బయటికి తీయగానే కవరు విప్పొద్దు. అది గది వేడికి వచ్చేదాకా ఆగితే చెమ్మ కవరు మీదే పడుతుంది. తొందరపడితే పురుగు పోయి బూజు వస్తుంది. పాత షీట్లకు మెర్క్యురిక్ క్లోరైడ్ పూసి ఉండొచ్చు, అది విషం. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

బూజు అప్పటికే ఉంటే కారణం వాన కాలపు చెమ్మ, లేదా సరిగా ఆరని మొక్క. కొత్త మొక్కను నొక్కి పెట్టిన మొదటి వారం న్యూస్‌పేపర్లు రోజూ మార్చాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు.

గింజలు మొలవవు

ఏ గింజ అన్నదే అసలు ప్రశ్న. ఇప్ప గింజను ఎండబెట్టి డబ్బాలో దాస్తే చచ్చిపోతుంది. వానల మొదట్లో రాలగానే విత్తాలి. వేప గింజ కూడా ఎక్కువ కాలం ఆగదు. రేల గింజ సంగతి వేరే: పైపెంకు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. పెంకును ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది రాత్రంతా నానబెడితే మొలుస్తుంది. ఇలాంటి గట్టి గింజలను బాగా ఆరబెట్టి, చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో సీసాలో మూసి, చల్లగా ఉంచితే ఏళ్లపాటు నిలుస్తాయి.

గింజలు ఒకే తల్లి చెట్టు కింద ఏరకండి. వీలైనన్ని చెట్ల నుంచి, కాస్త ఎడంగా ఉన్నవాటి నుంచి తీసుకోండి.

పూస్తుంది, కాయదు

తునికి చెట్లలో మగవి వేరు, ఆడవి వేరు. మీ దగ్గరున్నది మగ చెట్టయితే ఎన్ని ఎరువులు వేసినా కాయదు. ఆడ చెట్టయితే దగ్గర్లో మగ చెట్టు ఉందో లేదో చూడండి. పూత సమయంలో ఏది ఏదో చూసి రిజిస్టర్లో రాసుకుంటే, తర్వాత ఏది నాటాలో తెలుస్తుంది.

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చ

ఎక్కువగా ఇనుము అందకపోవడమే. సున్నం ఉన్న నేల, ఉప్పు బోరు నీళ్లు కారణం. పెంటఎరువు వేయండి, అవసరమైతే చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలోని ఇనుము) పిచికారీ చేయండి. ముదురు ఆకులు ముందుగా పసుపైతే సమస్య వేరు, నత్రజని చూసుకోవాలి.