రోజువారీ ఒత్తిడినీ ఆందోళననూ అదుపులో పెట్టుకోవడం ఎలా?

"ఊరికే టెన్షన్ పడకు" అని ఎవరో చెప్పినందువల్ల ఆందోళన తగ్గిన మనిషి కనబడడం అరుదు. ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికో ఎదురుతిరగడానికో శరీరం ఎలా సిద్ధమవుతుందో అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. అడ్రినలిన్ రక్తంలోకి విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. కాళ్ల దగ్గర పాము కనబడితే ఈ ఏర్పాటే ప్రాణం కాపాడుతుంది. లోన్ వాయిదా గుర్తుచేస్తూ మెసేజ్ వచ్చినా, ఇంటర్ ఫలితాలు రేపేనని తెలిసినా శరీరం ఇంచుమించు ఇదే పని చేస్తుంది. కానీ అక్కడ పరుగెత్తి తప్పించుకునే వీలుండదు కనుక ఆ అలజడి గంటల తరబడి లోపలే ఉండిపోతుంది. అందుచేత మొదట శరీరాన్ని, తర్వాత ఆలోచనలను, ఆపైన అలవాట్లను చక్కదిద్దుకునే వరుసలో వెళ్లడం మంచిది.

1. ముందు ఊపిరిని నెమ్మదించండి

వీపుకు ఆనుడు ఉండే కుర్చీలో కూర్చుని, ఒక చేతిని పొట్ట మీద ఉంచుకోండి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పీల్చినప్పుడు పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి; భుజాలు లేస్తున్నాయంటే ఊపిరి ఇంకా పైపైనే ఆడుతోందని అర్థం. ఇలా నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. వదిలే గాలి పీల్చే గాలికంటే నిడివిగా ఉండడమే ఇందులో ముఖ్యం, ఎందుకంటే గాలి వదిలే సమయంలోనే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు. కంగారు పుట్టినప్పుడు మాత్రమే ప్రయత్నిస్తే ఇది కుదరదు. మనసు నిమ్మళంగా ఉన్న వేళల్లో రోజూ సాధన చేసినవారికే అవసరమైన క్షణంలో పనికివస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు ఉంటే దాన్ని టెన్షన్ అనుకుని ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2. బెంగను కాగితం మీద పెట్టి, రెండుగా విడదీయండి

మనసులో తిరిగే బెంగకు సాధారణంగా రూపం ఉండదు. "డబ్బుల సంగతి ఏమవుతుందో" అన్న మాటను రాత్రంతా అనుకున్నా ఒక్క అడుగు ముందుకు పడదు. దాన్నే "5వ తేదీన కట్టాల్సిన వాయిదాకు 6,000 రూపాయలు తక్కువ పడుతున్నాయి" అని రాసుకుంటే, గడువుకు ముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడడమా, చిట్టీ పాడుకోవడమా, వేరే ఖర్చు వాయిదా వేయడమా అన్న ప్రశ్నలు వాటంతటవే బయటకు వస్తాయి. అలా రాసినప్పుడు ఈ రోజో రేపో మనం చేయగలిగిన పని ఏదైనా ఉంటే, ఎప్పుడు, ఎవరితో, ఎక్కడ అన్నది పక్కనే రాసి, వాటిలో అతి చిన్నదాన్ని ఆ రోజే పూర్తిచేయాలి.

"అమ్మాయికి మంచి ఉద్యోగం దొరక్కపోతే?", "నాన్నకు మళ్లీ ఆరోగ్యం పాడైతే?" వంటివి రెండో రకం. వాటి విషయంలో ఇవాళ చేయడానికేమీ ఉండదు, అయినా అవి వదలవు. వీటికోసం రోజులో ఒక వేళ కేటాయించే పద్ధతిని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో ప్రతిపాదించారు. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట కూర్చుని అరగంట పాటు ఆ బెంగలన్నిటి గురించీ కావాలనే ఆలోచించాలి. మిగతా రోజంతా అవి తలెత్తినప్పుడు ఒక్క ముక్క రాసుకుని "దీని సంగతి సాయంత్రం ఆరు గంటలకు" అని పక్కనపెట్టి చేతిలో పనికి తిరిగిరావాలి. పడుకునే మంచం మీద గానీ నిద్రకు ముందు గానీ ఈ పని పెట్టుకోకూడదు. ఆరు గంటలకు ఆ కాగితం చూస్తే, పొద్దున గుండెను పిండేసిన సగం విషయాలు వాటి బలం కోల్పోయి కనిపిస్తాయి. ఆలోచించడం పూర్తిగా మానేయమని చెప్పే సలహాలకంటే ఇది ఎంతో మేలు, ఎందుకంటే మానేయాలని పట్టుబట్టిన ఆలోచనే మరింతగా వస్తుంది.

3. తప్పించుకు తిరగడం కొద్దికొద్దిగా తగ్గించండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. భయపెట్టే పనిని వాయిదా వేసినప్పుడు ఆ క్షణానికి ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలికదనమే మరుసటిసారి ఇంకా గట్టిగా తప్పించుకునేలా చేస్తుంది. ఆఫీసు మీటింగ్‌లో నోరు విప్పకపోవడం, అప్పిచ్చినవాళ్ల ఫోన్ ఎత్తకపోవడం, రక్తపరీక్ష రిపోర్టు కవరు విప్పకపోవడం అన్నీ ఈ కోవకే చెందుతాయి.

మాటిమాటికీ ధైర్యం అడిగి తెచ్చుకోవడం కూడా ఇలాంటిదేనన్న సంగతి చాలామంది గమనించరు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, తల్లి ఖమ్మంలో ఉంటుంది అనుకుందాం. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌కు రెండో టిక్కు పడదు. ఆమె లాస్ట్ సీన్ చూస్తుంది, పది నిమిషాలకు మళ్లీ చూస్తుంది, అక్కడ అర్ధరాత్రి దాటిందని తెలిసినా ఫోన్ చేస్తుంది, కోడలికి చేస్తుంది, చివరకు కొడుకు స్నేహితుడికి చేస్తుంది. "బాగానే ఉన్నానమ్మా, పడుకున్నాను" అన్న జవాబు వినగానే ఊరట కలుగుతుంది, కానీ ఆ ఊరట సాయంత్రం దాకా కూడా నిలవదు. ఆమె చేయదగినది ఏమిటంటే, కొడుకుతో మాట్లాడి ఇద్దరికీ వీలైన ఒక వేళ ఖాయం చేసుకోవడం, మధ్యలో ఫోన్ చూడాలనిపించినప్పుడు మొదటి వారం పది నిమిషాలు, తర్వాతి వారం అరగంట ఆగి చూడడం. ఆగిన ఆ కాసేపూ గుండె దడ పెరుగుతుంది, కొంతసేపు అలాగే ఉంటుంది, ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని స్వయంగా అనుభవించడమే ఇందులోని చికిత్స. ఇంట్లో మిగతావాళ్లు ఆ సమయంలో "నీకు అనుమానం ఎక్కువ" అని దెప్పకుండా పక్కన కూర్చుంటే చాలు.

మీటింగ్‌లో మాట్లాడడం వంటి భయాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది: తేలికైన మెట్టుతో మొదలుపెట్టి, అది అలవాటయ్యాకే పై మెట్టుకు వెళ్లాలి.

4. శరీరానికి సంబంధించిన అలవాట్లు

కాఫీ, టీలలోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, దడ, నిద్రలేమి ఉన్నవారు మధ్యాహ్నం రెండు దాటాక వాటిని మానడం మంచిది. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. పడుకున్నాక ఇరవై నిమిషాలకు కూడా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పడుకోవాలి. మద్యం ఆ రాత్రికి మత్తునిచ్చినా నిద్రను మధ్యలో చెడగొడుతుంది, మర్నాటి ఆందోళనను పెంచుతుంది.

5. వైద్య సహాయం ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?

ఆందోళన చదువునో, ఉద్యోగాన్నో, నిద్రనో, సంసారాన్నో దెబ్బతీస్తున్నప్పుడు, లేదా ఆరు నెలలుగా దాదాపు ప్రతిరోజూ వేధిస్తున్నప్పుడు ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చేతుల వణుకు, చెమటలు వస్తాయి కాబట్టి డాక్టరు ముందుగా ఆ పరీక్ష చేయించవచ్చు. ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునేలా నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకీ, ఆందోళనను తగ్గించడానికి డాక్టర్లు రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులకూ మంచి ఫలితాలున్నాయి. ఆ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక మధ్యలో సొంతంగా మానకూడదు. మందుల షాపులో అడిగి అల్ప్రాజోలమ్ అనే మత్తు మాత్ర కొనుక్కుని వేసుకోవడం మాత్రం నిజంగా ప్రమాదకరం. అది త్వరగా అలవాటుగా మారుతుంది, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు రాసిచ్చిన చీటీ లేకుండా దాన్ని అమ్మడం చట్టవిరుద్ధం.

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. బతకడం వద్దనిపించే ఆలోచనలు వస్తున్నవారు మరునాటి దాకా ఆగకుండా అప్పుడే చేయాలి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది కాబట్టి, నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయంతో వెనకాడనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఈ ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఏ సమయంలో ఎక్కువవుతుంది, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఎన్ని కప్పుల కాఫీ, టీ తాగుతున్నారు, బీపీ, ఆస్తమా మందులతో సహా ఏమేం వాడుతున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరు ఎదుట కూర్చున్నాక మాట తడబడినా ఆ కాగితం అందిస్తే సరిపోతుంది.