ఫిఫ్త్‌వీల్ లాగుతూ ట్రక్ బెడ్‌లో సామాను: నా అనుభవం

ఫిఫ్త్‌వీల్ అంటే ముందు భాగం పికప్ ట్రక్ బెడ్ (వెనక సామాను తొట్టి) మీదికి వచ్చి, అక్కడ బిగించిన హిచ్‌కు తగులుకునే ట్రైలర్. తిన్నగా పోతున్నంతసేపు హిచ్‌కూ క్యాబ్‌కూ (డ్రైవర్ కూర్చునే భాగం) మధ్య బోలెడు చోటు కనిపిస్తుంది. మలుపులో ట్రైలర్ ముక్కు సరిగ్గా ఆ చోటు మీదికే తిరుగుతుంది. ఆరున్నర అడుగుల బెడ్‌లో నా టూల్‌బాక్స్ మూల అలాగే నలిగింది. దాని బదులు బెడ్ అంచుకు 2 అంగుళాలు కిందికే ఉండే పెట్టె బిగించాను. ఖాళీ మైదానంలో మెల్లగా పూర్తిగా తిప్పి, ఒకరు దిగి చూస్తే ఎడం తెలిసిపోతుంది.

అసలు జాగ్రత్త బరువు దగ్గర. 10,000 పౌండ్ల ట్రైలర్‌కు పిన్ బరువే (ట్రైలర్ పిన్ ద్వారా ట్రక్ మీద పడే భారం) సుమారు 2,000. డ్రైవర్ తలుపు స్టిక్కర్‌పై ట్రక్ మోయగల బరువు 2,900 అని ఉంటే, పిన్‌కు 2,000, హిచ్‌కు 150, మనుషులకు 400 పోగా మిగిలేది 350 మాత్రమే. 20 గ్యాలన్ల నీళ్లే 167 పౌండ్లు తినేస్తాయి!

సామాను బిగించే ర్యాచెట్ పట్టీలు బెడ్ కొక్కేలకే వేయండి, హిచ్‌కు వద్దు. పట్టీ హిచ్ లివర్‌కు అడ్డం పడితే, పిన్‌ను పట్టుకునే దవడలు పూర్తిగా మూసుకోవు.