ఎల్‌ఈడీ మిణుకుకు ఒక పాత బల్బు

బరంపురంలో మేం తెలుగు నాటకాలు వేసే స్టేజీకి హాలోజన్లు తీసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టాక ఒకటే చికాకు. సరిగ్గా పద్యం అందుకునే వేళకి లైటు మిణుకుమిణుకు. వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్‌ని పూర్తిగా దించినా సన్నగా వెలుగుతూనే ఉండేది.

ముందు ఆ లైటు ప్లగ్గు తీసి, డిమ్మర్‌లో బాగా పనిచేస్తున్న పక్క ఛానల్లో, అంటే విడిగా వెలుగు పెంచి తగ్గించే ఇంకో లైన్లో, పెట్టి చూడండి. మిణుకు ఆగిపోతే మొదటి ఛానల్‌దే తప్పు. అక్కడా అలాగే ఉంటే ప్లగ్గు, హోల్డర్ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. అవి బాగుంటే లోడు, అంటే బల్బు లాగే కరెంటు, చాలట్లేదన్నమాట. పాత డిమ్మర్‌లో వెలుగు తగ్గించే ఎలక్ట్రానిక్ స్విచ్చు, ట్రయాక్, నిలకడగా పనిచేయడానికి 9 వాట్ల బల్బు సరిపోదు. అదే ఛానల్‌కి మల్టీప్లగ్గుతో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కూడా కలపండి. దాన్ని తెర వెనక, గుడ్డ తగలని చోట వేలాడదీయండి, బాగా వేడెక్కుతుంది. మాకు ఆ రాత్రే మిణుకు ఆగింది.

ఎల్‌ఈడీ మాత్రం డిమ్మబుల్ (డిమ్మర్‌తో వెలుగు తగ్గించగలిగే) రకమే అయి ఉండాలి. డిమ్మర్ పూర్తిగా దించినా ఫిలమెంట్ బల్బే ఫుల్లుగా వెలుగుతుంటే ట్రయాక్ షార్టయినట్టే. అప్పుడీ చిట్కా పనిచేయదు, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి.